రెండు వేళ్ళ నోరు

ఆ బస్టాండులో ఆమె ముఖం ఎరిగినవాళ్ళు తక్కువ, గొంతు ఎరగనివాళ్ళు లేరు. టిక్కెట్ల కిటికీ పక్కన అద్దాల గదిలో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తోందో, ఏది ఆలస్యమో, ఎవరి సంచీ ఎవరికి దొరికిందో చెప్పడం ఆమె ఉద్యోగం. డ్రైవర్లూ కండక్టర్లూ మైకమ్మ అనేవాళ్ళు. పిలవగా పిలవగా అదే పేరైపోయింది. సందు చివర కూరగాయలు బేరమాడుతుంటే కూడా ఎవరో ఒకరు చటుక్కున తిరిగి చూసి, "మీరు బస్టాండులో మైకమ్మ కదూ?" అనేవాళ్ళు.

ఊరంతా ఎరిగిన ఆ గొంతు వినని మనిషి ఒక్కడే. ఆయన ఆమె మొగుడు.

ఆయన ప్రింటింగ్ ప్రెస్సులో మెషీన్ నడిపినవాడు. ఆ మోతలో బతుకంతా గడిపి, రిటైరయ్యేనాటికి చెవులు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు. చెవి మిషను పెట్టుకుంటే గిన్నెల చప్పుడూ, ఫ్యాను హోరూ వినపడేవి కానీ మాట మటుకు వినపడేది కాదు. దాన్ని తీసి బీరువాలో పడేశాడు. అయితే ఆయనకింకో విద్య ఉంది. మెషీన్లు తిరుగుతుండగా పక్కవాడి మాట వినపడే ఆశ ఎలాగూ లేదు గనక, పెదాలు చూసి మాట పట్టుకోవడం ప్రెస్సులో అందరికీ అలవాటే. ఆ అలవాటు ఇంట్లో అక్కరకొచ్చింది. అందరి పెదాలూ కాదు, పెళ్ళాం పెదాలు. ఆమె నోరు విప్పి, నిదానంగా, ప్రతి అక్షరాన్నీ మైకులో చెప్పినట్టు చెప్పేది. ఆయన ఒక్క ముక్క పోనిచ్చేవాడు కాదు.

సైకిలు షాపు పైన రెండు గదుల ఇల్లు వాళ్ళది. సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, ఆమె కిటికీ దగ్గర కుర్చీలో వెలుగు ముఖాన పడేలా కూర్చునేది. ఆయన ఎదురుగా స్టూలేసుకునేవాడు. బస్టాండులో ఆ రోజు జరిగిందంతా చెప్పేది. బస్సు కదిలాక పెళ్ళాం ఎక్కలేదని గుర్తొచ్చిన పెద్దమనిషి, నిద్రపోతూ మూడు ఊళ్ళు దాటిపోయినవాడు, కండక్టరుతో దెబ్బలాడి చివరికి అతని చేతే సామాను మోయించుకున్న ముసలమ్మ. ఆయన తొడ మీద చరుచుకుంటూ నవ్వేవాడు. తర్వాత టీవీలో వార్తలేమిటో, కూతురు ఫోన్‌లో ఏమందో, అవతలి ఊళ్ళో ఉన్న తమ్ముడు ఏం కబురు చెప్పాడో. లోకం ఆయన దగ్గరికి ఆ కుర్చీ మీదుగానే వచ్చేది.

దవడలో టక్కుమనే చప్పుడు ఆమెకి ఎప్పట్నుంచో ఉంది. ఎడమ చెవి ముందు, కీలు దగ్గర. ఆవలిస్తే టక్కు, గట్టి రొట్టె కొరికితే టక్కు. కూతురు చిన్నప్పుడు "అమ్మ నోట్లో స్విచ్చుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది. నొప్పి లేనిదానికి డాక్టరెందుకని ఆమె కూడా నవ్వి ఊరుకునేది. ఆ మాటకొస్తే ఆమె దేనికీ ఎవరి దగ్గరికీ వెళ్ళే మనిషి కాదు. తల్లి మంచాన పడ్డ రోజులూ, మొగుడి చెవులు పోయిన రోజులూ, కూతురి కాపురం ఒడిదుడుకులు పడ్డ రోజులూ అన్నీ పంటి బిగువున నెట్టుకొచ్చింది. మైకు ముందు గొంతు తొణికితే ఊరంతటికీ తెలిసిపోతుంది కదా.

ఒకరోజు పొద్దున పళ్ళు తోముకుందామని నోరు తెరిస్తే సగంలో ఆగిపోయింది. అంతవరకూ ఉన్న టక్కు చప్పుడు లేదు. తలుపు వెనక ఎవరో బల్ల అడ్డం పెట్టినట్టు, అక్కడికి వచ్చి ఆగుతోంది. అద్దంలో చూసుకుంటే గడ్డం ఎడమకి లాగుతోంది. ఇంకాస్త తెరవబోతే చెవిలో సూది దింపినట్టయింది. నిలువుగా రెండు వేళ్ళు కూడా సరిగ్గా పట్టలేదు. నిద్రలో పట్టేసి ఉంటుంది, అదే వదులుతుందిలే అనుకుని డ్యూటీకి వెళ్ళింది.

మైకు మహాతల్లి, ఎంత ఇస్తే అంత మోస్తుంది. సగం నోటితో చెప్పినా మాట బయటికి స్పష్టంగానే వెళ్ళింది. బస్టాండులో ఎవరికీ తేడా తెలియలేదు. తేడా తెలిసింది ఇంట్లోనే. సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని మొదలుపెట్టగానే ఆయన ముందుకి వంగాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. మళ్ళీ వంగాడు.

"ఏంటోయ్, గొణుగుతున్నావు?" అన్నాడు.

ఆమె మళ్ళీ చెప్పింది. ఆయన మొహంలో ఏమీ వెలగలేదు.

"నోరు విప్పి చెప్పు."

"నొప్పండీ," అని చెవి దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. చెవి నొప్పేమో అనుకున్నాడు ఆయన. "నా రోగం నీకూ అంటుకుందా ఏం?" అని నవ్వాడు.

ఆయనే కాదు, చెవుల డాక్టరు కూడా అలాగే అనుకున్నాడు. లైటేసి చూసి, చెవిలో గులిమి ఉందని తీసి, చుక్కల మందిచ్చాడు. చుక్కలైపోయాయి, నొప్పి అవలేదు. చెంప పొడుగునా పాకి కణత దాకా ఎక్కింది. అప్పుడు బజారులో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళితే, నొప్పి ఉన్న వైపు చివరి దంతం మీద అనుమానపడి పీకేశాడు. ఆ కాస్త తెరిచిన నోట్లోంచి పీకడానికి డాక్టరు పడ్డ పాట్లు చెప్పనక్కర్లేదు, ఆమె పడ్డ పాట్లు చెప్పలేం. ఇంతా చేసి, ఇంటాయన ఖాళీ చేసి వెళ్ళిపోతే అద్దెకున్నవాడు మిగిలినట్టు, పన్ను పోయింది, నొప్పి ఉండిపోయింది.

బస్టాండులో ఎంక్వయిరీ కిటికీలో కూర్చునే ఆయన జాలిపడి, "నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు మైకమ్మా. ఊరంతటికీ దారి చెప్పిన నోరు. దిష్టి తగిలుంటుంది," అన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి గనక కళ్ళతో నవ్వి ఊరుకుంది.

తిండి జావలోకి దిగింది. ఆపిల్ పండు చూస్తేనే దవడ పీకేది. ఉద్యోగం వదలడానికి వీల్లేదు కాబట్టి నోట్లో ఉన్న ఓపికంతా అద్దాల గదిలో ఖర్చయిపోయేది. ఇంటికొచ్చేసరికి చెంపలు రెండూ మండుతున్న ఇటుకల్లా ఉండేవి. కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేది గానీ, నాలుగు మాటలకే ఆగిపోయేది. ఆ నాలుగూ ఆయనకి అందేవి కావు. "ఏంటి?" అంటే మళ్ళీ చెప్పాలి. మళ్ళీ చెబితే ఇంకా తక్కువ అందేది. ఒకరోజు చీటీ మీద రాసి ఇచ్చింది.

ఆయన చీటీ చదివి మడతపెట్టి బల్ల మీద పెట్టాడు. "చీటీలు మునిసిపాలిటీ వాళ్ళూ పంపిస్తారు," అన్నాడు. "ముప్పై ఏళ్ళు కాగితాలు అచ్చేసి అచ్చేసి వచ్చాను. ఇంట్లో కూడా చదవమంటావా?"

హాస్యానికే అన్నాడు. కానీ ఆ తర్వాత స్టూలు వేసుకోవడం తగ్గించాడు. మెల్లిగా మానేశాడు. ఆమె వచ్చేసరికి కిందికి దిగి సైకిలు షాపు ముందు బల్ల మీద కూర్చుని, వచ్చేపోయే చక్రాలు చూస్తుండేవాడు. ఆమె పోనీలే, ఆయనకి కాలక్షేపమవుతోంది అనుకుంది. ఒక్కోసారి, నిజం చెప్పాలంటే, మాట్లాడాల్సిన పని తప్పినందుకు హాయిగా కూడా అనిపించింది. అలా అనిపించినందుకు మళ్ళీ బాధపడింది. మింగలేక కక్కలేక అంటారే, అదే ఆమె స్థితి, అన్ని రకాలుగానూ.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం, ఆమెకి డ్యూటీ లేని రోజు, ఇంట్లో ఫోన్ మోగింది. మరిది కొడుకు. ఎదిగిన కుర్రాడు, ఉద్యోగస్థుడు, చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

"పెద్దమ్మా, నాన్న పోయాడు. పెదనాన్నకి చెప్పు."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఆ మరిది ఆమె కాపురానికొచ్చేనాటికి లాగులు తొడుక్కునే వయసు. వదిన వెనకాలే తిరిగేవాడు. అన్నదమ్ములిద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. కబురు పెట్టకుండా బస్సు దిగి, నేరుగా అద్దాల గది దగ్గరికొచ్చి అద్దం మీద కొట్టి నవ్వడం అతనికి సరదా.

ఆయన లోపలి గదిలో ఉన్నాడు. పాత చొక్కాకి బొత్తాం కుట్టుకుంటున్నాడు. ఆమె వెళ్ళి ఎదురుగా కూర్చుంది. ఆయన తలెత్తాడు.

"మీ తమ్ముడు పోయాడండీ," అంది.

ఏడుపుతో దవడ మరీ బిగుసుకుంది. పెదాలు కలిసి విడిపోవడం ఒక్కటే బయటికి కనపడింది. మిగతాది ఆయన మనసు పూరించుకుంది.

"తమ్ముడు బయల్దేరాడా?" అన్నాడు. మొహం విప్పారింది. "ఫోనొచ్చిందా? ఏ బస్సుకి? వీడెప్పుడూ ఇంతే, ముందు చెప్పి చావడు."

ఆమె తల అడ్డంగా ఊపింది. ఏ బస్సో తెలీదంటోంది అనుకున్నాడు ఆయన. లేచి, కుడుతున్న చొక్కా పక్కన పడేసి, బీరువాలోంచి ఇస్త్రీ చొక్కా తీసి తొడుక్కున్నాడు. అద్దం ముందు నిలబడి, ఉన్న నాలుగు వెంట్రుకలూ దువ్వుకుంటూ మాట్లాడుతున్నాడు. చాలా రోజుల తర్వాత అంత మాట్లాడాడు. "మంచిదే, వస్తున్నాడు. నాకిక్కడ ఏం తోచడం లేదు. వాడుంటే నాలుగు రోజులు... పాలున్నాయా? పోనీ దార్లో తెస్తాలే. నేను వెళ్ళి బస్టాండులో కూర్చుంటా."

చెప్పులేసుకుంటుంటే ఆమె వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆయన చేతులు రెండూ పట్టుకుంది. తర్వాత వాటిని వదిలి, తన రెండు బొటనవేళ్ళూ కింది పళ్ళ మీద పెట్టుకుని దవడని కిందికి గుంజింది. చెవి దగ్గర ఏదో తెగినట్టయింది. కళ్ళు చీకట్లు కమ్మాయి. ఆ నొప్పిలోనే, నోరు ఎంత తెరుచుకుంటే అంత తెరిచి, చెప్పింది.

"మీ తమ్ముడు. చచ్చిపోయాడు."

అంత మొరటు మాట ఆమె జన్మలో వాడలేదు. కానీ ఆ మాటైతేనే ఇంకో మాటలా కనపడదు.

ఆయన ఆమె పెదాల వంక అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఇంకో మాట వస్తుందేమోనని చూసినట్టు చూశాడు. తర్వాత ఒక్కొక్క చెప్పూ విప్పాడు. గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు.

"ముందే చెప్పొచ్చు కదా," అన్నాడు. "చొక్కా వేసుకోనిచ్చావు."

మరిది ఊరు చేరేసరికి ఇల్లు జనంతో నిండిపోయి ఉంది. ఆయన తమ్ముడి తల దగ్గర కూర్చున్నాడు. ఎవరెవరో వచ్చి భుజం మీద చెయ్యేసి ఏవో చెబుతున్నారు. ఎవరి పెదాలూ ఆయనకి అలవాటైనవి కావు. అందరికీ తలూపుతున్నాడు.

కాసేపటికి తోడికోడలు వచ్చి వాళ్ళిద్దరి ముందూ కూలబడింది. బావగారి చేతులు పట్టుకుని చెప్పుకుపోయింది. మరిది ఒక్కసారిగా పోలేదట. వారం పైన ఆస్పత్రిలో ఉన్నాడట. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట.

"ఫోన్ చేస్తానంటే నన్ను చెయ్యనివ్వలేదు బావగారూ. వదినకి దవడ నొప్పని మీ అమ్మాయి చెప్పిందిట, నోరు తెరవలేకపోతోందిట, ఫోన్ చేస్తే ఆవిడే కదా అన్నయ్యకి చెప్పాలి, ఎందుకావిణ్ణి బాధపెట్టడం అన్నారు. లేచాక నేనే బస్సెక్కి వెళ్ళి చెప్తాను అన్నారు. లేవనే లేదు."

ఆమె అక్కడే కూర్చుని విన్నది. తోడికోడలు నింద వెయ్యలేదు. అంత మనిషి కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుని ఏడ్చింది. అదే మరీ కష్టంగా ఉంది. అంతకంటే కష్టమైంది ఇంకోటుంది. ఆయన ఆ మాటలన్నిటికీ తలూపుతున్నాడు. తమ్ముడు తనకి చెప్పనివ్వలేదన్న మాటకి కూడా, అందరికీ ఊపినట్టే, అవునవునని తలూపాడు.

తర్వాత ఆమె వైపు తిరిగి, "ఏమంటోంది?" అన్నాడు.

ఆమె దవడ మీద చెయ్యి పెట్టుకుని, తర్వాత అన్నట్టు సైగ చేసింది.

తిరుగు బస్సులో ఆయన కిటికీ వైపు కూర్చున్నాడు. ఊళ్ళు వెనక్కి పోతున్నాయి. మధ్యలో బస్సు ఆగినప్పుడు ఆమె కోసం అరటిపండు కొని తెచ్చాడు. ఆమె దాన్ని గోటితో గిల్లి, ముక్కముక్కా పెదాల సందులోంచి లోపలికి తోసుకుంటోంది. ఒక ముక్క జారి ఒళ్ళో పడింది. అప్పుడు చూశాడు ఆయన. పన్ను పీకించుకున్నాక నొప్పి తగ్గిపోయిందనీ, ఆ జావలు పన్ను పోయినందుకనీ అనుకుంటున్నాడు అప్పటిదాకా.

"ఇంకా ఉందా నొప్పి?" అన్నాడు. చెవిటివాళ్ళకి తమ గొంతు కొలత తెలీదు. బస్సులో సగంమంది తిరిగి చూశారు.

ఆమె తలూపింది.

"ఇన్నాళ్ళూ?"

మళ్ళీ తలూపింది.

ఆయన చాలాసేపు బయటికే చూశాడు. తర్వాత అన్నాడు. "నాతో మాట్లాడటానికి విసుగొచ్చిందేమో అనుకున్నాను. రావడంలో తప్పేముంది, ఎవరికైనా వస్తుంది అనుకున్నాను."

ఆమె అరటిపండు పక్కన పెట్టేసింది.

మర్నాడు ఆయనే కూతురికి తన చేత్తో ఉత్తరం రాసి, ఎక్కడికి వెళ్ళాలో అడిగాడు. జవాబు రాగానే ఆమెని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ దవడలు చూసే డాక్టరమ్మ ఉంది. నోట్లోకి చూడకముందే రెండు చెవుల ముందూ వేళ్ళు ఆనించి, తెరవమంది, మూయమంది. చెంపల మీదా కణతల మీదా మెల్లిగా నొక్కి, ఒకచోట ఆగి, "ఇక్కడా?" అంది. అంతకాలానికి ఒక మనిషి నొప్పి ఉన్నచోట చెయ్యి పెట్టింది. ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"రాత్రి నిద్రలో పళ్ళు కొరుకుతారా అమ్మా?"

"తెలీదండీ."

"పక్కన పడుకునేవాళ్ళకి వినపడుతుంది. ఆయన్నడగండి."

"ఆయనకి వినపడదు డాక్టరుగారూ."

డాక్టరమ్మ మూతికున్న గుడ్డ కిందికి లాగి, ఆయన వైపు తిరిగి, అదే ప్రశ్న నిదానంగా అడిగింది. ఆయన రెండుసార్లు అడిగించుకుని, అర్థం చేసుకున్నాడు.

"చప్పుడైతే నాకు తెలీదమ్మా," అన్నాడు. "తెల్లారగట్ల ఎప్పుడైనా చెయ్యి తగిలితే మటుకు, ఈమె దవడ రాయిలా బిగుసుకుని ఉంటుంది. నా మీద కోపంతో పడుకుందేమో అనుకునేవాణ్ణి."



డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. దవడ కీలులో రెండెముకల మధ్య చిన్న దిండు లాంటిది ఉంటుంది. అది ముందుకి జారిపోయింది. వెనకటి టక్కు చప్పుడు అది జారి మళ్ళీ చోటుకి వచ్చే చప్పుడు. ఇప్పుడు రావడం లేదు, అందుకే చప్పుడూ లేదు, నోరూ తెరుచుకోదు. దానికి తోడు ఏళ్ళ తరబడి పళ్ళు బిగించి బిగించి కండరాలు అలిసిపోయాయి. పన్నుకేం సంబంధం లేదు.

"పన్ను పోయిందండీ," అంది ఆమె.

"చూశానమ్మా," అంది డాక్టరమ్మ. "దీన్ని కొత్తదానిలా చెయ్యలేను. నొప్పి బాగా తగ్గుతుంది, నోరు ఇంకొంత తెరుచుకుంటుంది. దానికీ నెలలు పడుతుంది. ఒక్కరోజులో జరిగేది కాదు, మీరు చేస్తేనే జరిగేది," అంది.

పై పళ్ళ మీద తొడుక్కుని పడుకోవడానికి, గాజులా మెరిసే తొడుగొకటి కొలత తీసి చేయించింది. పొద్దునా సాయంత్రమూ వేడి కాపడం. మెత్తటి తిండి. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి. నాలుక అంగిటికి ఆనించి మెల్లిగా తెరవడం, మూయడం. అన్నిటికంటే ముఖ్యం, మేలుకుని ఉన్నంతసేపూ పెదాలు కలిసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి. వినడానికి ఇదేం పెద్ద పని అనిపిస్తుంది. చేసి చూస్తే తెలిసింది ఆమెకి, తను లెక్క లేనంతసేపు పళ్ళు కరుచుకునే బతుకుతోందని. పాల గిన్నె పొంగుతుంటే బిగిస్తోంది. బస్సు ఆలస్యమని చెప్పేముందు బిగిస్తోంది. గుర్తుకోసం మైకు కడ్డీకి ఎర్ర కాగితం ముక్క అంటించుకుంది. అది కంటబడ్డప్పుడల్లా పళ్ళు విడదీసేది.

కాపడం పని ఆయన పట్టాడు. వేణ్ణీళ్ళలో గుడ్డ ముంచి, పిండి, తన చెంపకి ఆనించుకుని వేడి చూసి, అప్పుడు ఆమె చెంపకి పెట్టేవాడు. తర్వాత డాక్టరమ్మ చూపించినట్టు కండరం మీద వేళ్ళతో సున్నాలు చుట్టేవాడు. మెషీన్ రోలరు ఎంత బిగుతుగా తిరుగుతోందో వేళ్ళ కొసలతోనే పట్టుకున్న మనిషి. ఎక్కడ గట్టిపడిందో, ఎక్కడ వదిలిందో ఆయనకి చెప్పనక్కర్లేదు. మొదటి వారాల్లో ఏమీ తేడా లేదు. పైగా ఒకరోజు మరీ ఎక్కువై, తొడుగు తీసి గోడకేసి కొట్టింది. ఆయన వెళ్ళి ఏరి తెచ్చి, కడిగి, డబ్బాలో పెట్టాడు. ఆ తర్వాత ఒక పొద్దున లేచేసరికి కణతల్లో బరువు లేదు. అంత తేలిగ్గా ఉన్న తల తనది కాదేమో అనిపించింది. రోజులు గడిచే కొద్దీ రెండు వేళ్ళు సులువుగా పట్టాయి. ఇంకొన్నాళ్ళకి మూడో వేలు కూడా దూరడానికి చూసింది గానీ, సగమే దూరింది. అక్కడ ఆగింది.

నోరైతే తెరుచుకుంది. కానీ ఆయన ఆమె మొహంలోకి చూడటం మానేసి చాలా కాలమైంది. తమ్ముడు పోయాక మరీ. ఎవరు మాట్లాడుతున్నా చూపు నేల మీదే. చూడని చెవిటివాడికి ఎవరు చెబితే మటుకు ఏం ఎక్కుతుంది? కాపడం పెడతాడు, వేళ్ళతో రాస్తాడు, లేచిపోతాడు. ఆమె మాట కలుపుదామనుకునేసరికి వీపు కనపడేది.

ఆమె బలవంతపెట్టలేదు. దానికో కారణముంది. ఆయన ఎదురుగా వచ్చి కూర్చుంటే మొట్టమొదట ఏమడుగుతాడో ఆమెకి తెలుసు. నోరు నొప్పి ఉన్నన్నాళ్ళూ ఆ మాట దాటెయ్యడానికి ఒక దారుండేది. ఇప్పుడా దారి మూసుకుపోయింది. దవడ బాగుపడుతున్నందుకు సంతోషించాల్సింది పోయి, ఒక్కోరోజు దిగులుపడేది.

ఒక ఆదివారం సాయంత్రం ఆయన కాపడం గుడ్డ ఆరేసి వచ్చి, ఎన్నాళ్ళకో స్టూలు లాక్కుని కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఆమె కుర్చీలోనే ఉంది. వెలుగింకా ఉంది.

"ఆవేళ మా మరదలు నా చేతులు పట్టుకుని చాలాసేపు చెప్పింది. నేను తలూపాను. ఏం చెప్పిందో నాకొక్క ముక్క తెలీదు," అన్నాడు. "ఇప్పుడు చెప్పగలవా? నొప్పైతే వద్దు. ఇంకోరోజు."

నొప్పి అని ఒక్క మాట అంటే చాలు. ఆయన లేచి వెళ్ళిపోతాడు, ఇంకెప్పుడూ అడగడు కూడా. ఆమె ఆ మాట అనలేదు. చెంపలు రెండూ ఒకసారి రాసుకుంది. పళ్ళు విడదీసి, మొదలుపెట్టింది.

ఆస్పత్రి సంగతి చెప్పింది. నీరు చేరిన సంగతి చెప్పింది. ఆయన కళ్ళు ఆమె పెదాల మీద నిలిచి ఉన్నాయి, పాతరోజుల్లోలా, ఒక్క ముక్క పోనివ్వకుండా. సగంలో దవడ పీకితే చెయ్యెత్తింది. ఆయన ఆగాడు. నాలుక అంగిటికి పెట్టి, మెల్లిగా తెరిచి, మూసి, మళ్ళీ అందుకుంది. తర్వాత ఆ మాట వచ్చింది. దాన్ని చుట్టూ తిప్పి చెప్పలేదు. మరిది ఎలా అన్నాడని తోడికోడలు చెప్పిందో అలాగే చెప్పింది. వదినకి నోరు నొప్పి. ఆవిణ్ణి బాధపెట్టొద్దు. లేచాక నేనే వెళ్ళి అన్నయ్యకి చెప్తాను.

"నా వల్లే మీకు తెలీలేదు," అంది చివర్న. "వారం రోజులుంది టైము. వెళ్ళి చూసుకునేవాళ్ళు."

ఆయన "వాడన్న మాట ఇంకోసారి చెప్పు," అన్నాడు.

చెప్పింది.

"ఇంకోసారి."

చెప్పింది. మూడోసారికి ఎడమవైపు మండిపోతోంది, అయినా చెప్పింది.

అప్పుడు ఆయన ఏడ్చాడు. తమ్ముడి దగ్గర కూర్చున్ననాడు ఏడవలేదు, ఇప్పుడు ఏడ్చాడు. తన ఏడుపు తనకి వినపడని మనిషి, ఎంత గట్టిగా ఏడుస్తున్నాడో ఆయనకి తెలీదు. కింద సైకిలు షాపులో గాలి కొడుతున్న పంపు ఆగిపోయింది. ఎవరో మెట్ల దాకా వచ్చారు. ఆమె లేచి గుమ్మంలోకి వెళ్ళి, ఏం లేదన్నట్టు చేత్తో చెప్పి, తలుపు దగ్గరకి వేసి వచ్చింది. ఊరుకోమని అనలేదు. స్టూలు పక్కన నేల మీద కూర్చుని, ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఉంచింది.

చాలాసేపటికి ఆయన కళ్ళు తుడుచుకుని, "నీ వల్ల కాదు," అన్నాడు. "వాడంతే. వాడికి జ్వరమొచ్చినా ఎవరికీ చెప్పేవాడు కాదు చిన్నప్పుడు." తర్వాత, "అయినా నాకు తెలిసుంటే బాగుండేది," అన్నాడు. రెండూ నిజమే. ఆమె రెండిటికీ తలూపింది.

ఆ పైనెల ఇద్దరూ బస్సెక్కి తోడికోడలి దగ్గరికి వెళ్ళారు. ముందురోజున ఆమె డ్యూటీకి సెలవు పెట్టి, దవడకి విశ్రాంతి ఇచ్చుకుంది. తొడుగు డబ్బా, కాపడం గుడ్డ సంచీలో పెట్టుకుంది. తోడికోడలు ఒక కుర్చీలో, ఆయన ఎదురు కుర్చీలో, మధ్యలో ఆమె. తోడికోడలు చెప్పింది చెప్పినట్టు ఆమె ఆయనకి చెప్పింది. మరిది ఆఖరి రోజుల్లో ఏం తిన్నాడో, ఎవరెవర్ని తలుచుకున్నాడో, నర్సుతో ఏం హాస్యమాడాడో అన్నీ. ఆయన అడిగినవి అడిగాడు. మధ్యలో నొప్పెడితే ఆమె చెయ్యెత్తేది. ఇద్దరూ మాట ఆపి, ఆమె చెంపలు రాసుకునేదాకా కూర్చుని, మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు.